దోర్నకల్ అయ్యగారు: చిన్న ఊరి గురువు బతుకు, మాట

ఇంగ్లండు, అమెరికా నవలలు చదివినవారికి చిన్న ఊరి పాదిరి పరిచితుడే. ఊరి చివర రాతి చర్చి, దాని పక్కన ఇల్లు, ఆదివారం ప్రసంగం, తక్కిన రోజుల్లో పెళ్ళిళ్ళు, చావులు, తగవులు, కారుతున్న పైకప్పు, చాలీచాలని జీతం. ఇదీ ఆయన లోకం. ఆంగ్లికన్ సంప్రదాయానికి చెందిన ఈ చర్చినే అమెరికాలో ఎపిస్కోపల్ చర్చి అంటారు. అదే సంప్రదాయం తెలుగు నేలకు వచ్చినప్పుడు ఈ చిన్న ఊరి గురువు ఎవరయ్యాడు, ఏ భాష మాట్లాడాడు, జనం ఆయన్ని ఏమని పిలిచారు అనే ప్రశ్నలకు దోర్నకల్ ఆధారంగా కొంత సమాధానం చెప్పవచ్చు. ఈ సంచికలో దీనికి చోటెందుకని కొందరికి అనుమానం రావచ్చు. మన పాఠకుల్లో ఎక్కువమంది తెలుగు నాడు విడిచి తరాల కిందట తమిళ, కన్నడ, ఒరియా, మరాఠీ సీమల్లో స్థిరపడ్డవారి సంతతి. దోర్నకల్ కథలో ప్రధాన వ్యక్తి దీనికి ఎదురు దారిన నడిచాడు. తిరునెల్వేలి నుంచి వచ్చిన తమిళుడు తెలుగు నేర్చుకొని, తెలుగు పల్లెల్లోనే బతికి, తెలుగు నేలలోనే పోయాడు.

ముందుగా మాటల సంగతి చూద్దాం. గ్రీకులో ఎపిస్కోపోస్ అంటే పైనుండి చూచేవాడు. ఎపి అంటే పైన, స్కోపోస్ అంటే చూచేవాడు. ఇంగ్లీషులో బిషప్ అన్నది ఈ మాటే అరిగిపోయిన రూపం. తెలుగు బైబిలు అనువాదకులు దీనికి అధ్యక్షుడు అన్న సంస్కృత పదం ఎంచుకొన్నారు. మన సంప్రదాయ వ్యుత్పత్తి ప్రకారం అధి, అక్షి కలిసి అధ్యక్షుడు. అంటే పైన కన్ను వేసి ఉంచేవాడు. రెండు భాషలూ ఒకే పోలికను ఆశ్రయించాయి. అనువాదకుడికి ఇంత అందంగా కుదిరే సందర్భాలు అరుదు. అయితే జనం అధ్యక్షుడు అనలేదు, బిషప్పుగారు అన్నారు. తమిళ ప్రొటెస్టంటులు మాత్రం అత్తియట్చర్ అన్న రూపాన్ని చాలాకాలం వాడారు. కతోలికులది ఇంకో దారి. వారి మేత్రాణులు, మేత్రాసనం అన్నవి కేరళ, తమిళ సీమల మీదుగా వచ్చిన సిరియా మాటకు తెలుగు రూపాలు.

ప్రీస్ట్ అన్న మాటది ఇంకొంచెం చిక్కైన కథ. గ్రీకు ప్రెస్బుతెరోస్ అంటే వయసులో పెద్దవాడు. ఆ మాటే ఇంగ్లీషులో కుదించుకుపోయి ప్రీస్ట్ అయింది. కాని బలి అర్పించే యూదుల యాజకుణ్ణి కూడ ఇంగ్లీషు ప్రీస్ట్ అనే అంటుంది. రెండు వేర్వేరు భావాలు ఒకే మాటలో ఇరుక్కుపోయాయి. ఇంగ్లండులో దీని మీద వందల ఏళ్ళు తగవులు జరిగాయి. తెలుగు బైబిలులో ఆ చిక్కు లేదు. మొదటివారు పెద్దలు, రెండోవాడు యాజకుడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వివాదం లేకుండా ఉండటానికి ప్రీస్ట్ అన్న మాటను పక్కన పెట్టి ప్రెస్బిటర్ అన్న పూర్వరూపాన్ని అధికారికంగా స్వీకరించారు. తెలుగు బైబిలు చదివేవారికి ఆ తేడా ఏనాడో తెలుసు.

అమెరికా చర్చికి ఎపిస్కోపల్ అన్న పేరు రావడానికి కారణం రాజకీయం. 1776 తర్వాత ఇంగ్లండు రాజు అధిపతిగా ఉన్న చర్చిలో అమెరికన్లు కొనసాగడం కుదరలేదు. 1784లో సామ్యూల్ సీబరీ స్కాట్లండులోని అబర్డీన్‌లో బిషప్పుగా అభిషేకం పొందాడు. 1789లో ఆ చర్చికి సొంత నిబంధనావళి ఏర్పడింది. ఇంగ్లండు పేరు వదిలి, బిషప్పులుండే చర్చి అన్న అర్థంలో ఎపిస్కోపల్ అని పెట్టుకొన్నారు. అక్కడ స్వంతంగా నిలదొక్కుకొన్న సంఘం తన గురువును తానే వెతికి పిలుచుకుంటుంది. సభ్యులు ఎన్నుకొన్న వెస్ట్రీ అనే కమిటీ జీతభత్యాలు, మరమ్మతులు చూస్తుంది. మన దగ్గర బిషప్పు బదిలీ ఉత్తర్వు వస్తే అయ్యగారు పెట్టె సర్దుకోవలసిందే. గురువు జీవితంలో ఈ ఒక్క తేడా చాలా సంగతులను నిర్ణయిస్తుంది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళైలో పుట్టాడు. తండ్రి థామస్ వేదనాయకం ఆ పల్లెలోనే ఆంగ్లికన్ గురువు. వారిది నాడార్ కులం. ఆ కాలంలో గుడి ప్రవేశానికి, వీధుల్లో నడిచే హక్కుకు పోరాడవలసి వచ్చిన కులం అది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివాడు గాని పట్టా చేతికి రాలేదు. 1895 నుంచి వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతా తిరిగాడు. 1902లో యాళ్పాణం వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమవారినే బోధకులుగా పంపడం చూసి, తిరిగివచ్చి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు ప్రధాన కారకుడయ్యాడు. ఆ సొసైటీ తన పనికి ఎంచుకొన్న చోటు నిజాం రాజ్యంలోని దోర్నకల్. తోటివాళ్ళని పంపి తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకు నచ్చలేదు. 1909లో గురుపట్టం పొంది తానే భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరాడు. మొదట గుడారంలో కాపురం పెట్టారు.

దోర్నకల్ అప్పటికి ఊరనడానికి తగినంత ఊరు కాదు. రైల్వే జంక్షను. కాజీపేట, బెజవాడల నడుమ ప్రధాన మార్గం మీద ఉంది; సింగరేణి బొగ్గు గనులకు పోయే శాఖ ఇక్కడే చీలుతుంది. ఇప్పుడు అది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. రైలు ఆగే చోటు కావడం ఆయన పనికి కలిసివచ్చింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. అప్పటికి వయసు 38. భారతీయుల్లో ఆయనే తొలి ఆంగ్లికన్ బిషప్పు. చనిపోయేవరకు, ఒక డయాసిస్‌కు అధిపతిగా ఉన్న ఏకైక భారతీయ ఆంగ్లికన్ బిషప్పు కూడ ఆయనే. మొదట చేతికి ఇచ్చిన డయాసిస్ చాలా చిన్నది. తెల్ల మిషనరీలు ఒక నల్ల బిషప్పు కింద పనిచేస్తారా అన్న సందేహం ఇచ్చినవారికి ఉండేదని నా ఊహ. 1910లో ఎడిన్బరో మహాసభలో ఆయన ఈ సంగతినే నిలదీశాడు. మీరు మాకోసం త్యాగాలు చేశారు, కాని మాతో స్నేహం చేయలేదు అన్నది ఆ ప్రసంగం సారాంశం. 1920లో డయాసిస్ సరిహద్దులు పెరిగి, మచిలీపట్నం వైపు కోస్తా మిషను ప్రాంతాలు కలిశాక, తెల్ల మిషనరీలు ఆయన కింద పనిచేయనే చేశారు.

ఇక భాష. మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ పని 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సులతో మొదలైంది. అక్కడ పనిచేసిన ఏ. హెచ్. ఆర్డెన్ 1873లో ఇంగ్లీషువారికోసం తెలుగు వ్యాకరణం రాశాడు. తర్వాత తమిళానికి కూడ అలాంటిదే రాశాడు. రెండు భాషలూ నేర్పే పుస్తకాలు ఒకే మనిషి చేతి నుంచి రావడం గమనించదగింది. ఇంగ్లీషు మిషనరీ తెలుగు నేర్చుకోవడంలో ఎదుర్కొనే చిక్కులు కొన్ని తమిళుడికి ఉండవు. ఉదాహరణకు ప్రార్థనలో దేవుణ్ణి సంబోధిస్తూ మా అనాలి. ఎందుకంటే వింటున్న దేవుడు ఆ మాటలో చేరడు. ప్రసంగంలో సంఘంతో మాట్లాడేటప్పుడు మన అనాలి. మేము, మనము తేడా ఇంగ్లీషులో లేదు. ఇంగ్లీషువాడు అక్కడ తడబడతాడు. తమిళంలో నాంగళ్, నామ్ ఉన్నాయి గనుక అజరయ్య లాంటివారికి ఇది పుట్టుకతో వచ్చిన జ్ఞానం.

కాని తమిళుడికి వేరే గుంటలున్నాయి. వత్తక్షరాలు, సంస్కృత సంయుక్తాలు ఒకటి. రెండోది ఇంకా సున్నితమైనది. తమిళంలో స్త్రీ వస్తే వందాళ్, పశువో బండో వస్తే వందదు. తెలుగులో ఏకవచనంలో స్త్రీకి, బండికి, వానకు ఒకటే: వచ్చింది. తమిళం చెవితో వినేవాడికి ఇది మర్యాద తక్కువగా తోస్తుంది. తెలుగువాడికి తోచదు, కాని పల్లెలో ఏ స్త్రీని వచ్చింది అంటారు, ఏ స్త్రీని వచ్చారు అంటారు అన్నది కులాన్ని, ఆస్తిని బట్టి తేలే విషయం. వ్యాకరణం తటస్థంగా ఉంటుంది, ఊరు తటస్థంగా ఉండదు. గురువు ఏ రూపం వాడతాడో ఊరంతా వింటుంది.

ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం పోరాటం మొదలుపెట్టారు. చర్చిలో మాత్రం రెండు తెలుగులూ పక్కపక్కన నడిచాయి. ఆంగ్లికన్ ఆరాధన ప్రార్థనా పుస్తకం చూసి జరుగుతుంది. గురువు తనకు తోచినట్టు ప్రార్థించడం ఆ సంప్రదాయం కాదు. పుస్తకంలో తెలుగు గ్రాంథికం. అక్షరం రాని కూలీ స్త్రీలు ఆ గ్రాంథిక వాక్యాలను వారం వారం విని కంఠతా పట్టి గురువుతో కలిసి పలికేవారు. ప్రసంగం మాత్రం వాడుక భాషలో ఉండాలి, లేకుంటే ఎవరూ వినరు. అది చాలనప్పుడు పాట ఉండేది. గంజాం సీమకు చెందిన పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దిలో కట్టిన క్రైస్తవ కీర్తనలు కర్ణాటక రాగతాళాల్లో నడుస్తాయి. వాటిని బాప్టిస్టులు, లూథరన్లు, ఆంగ్లికన్లు అందరూ పాడుకొన్నారు. సిద్ధాంతాల్లో ఒప్పుకోని సంఘాలు ఆ కీర్తనల దగ్గర మాత్రం ఒప్పుకొన్నాయి.

దోర్నకల్ డయాసిస్‌లో ఒక మామూలు గురువు బతుకు ఎలా ఉండేదో చూద్దాం. ఆయన పెద్ద పాండిత్యం గలవాడు కాడు. ఎక్కువమంది మొదట పల్లె ఉపాధ్యాయులు, ఉపదేశులు. పగలు గూడెం పిల్లలకు ఓనమాలు నేర్పి, రాత్రి పెద్దలకు పాఠం, ప్రార్థన చెప్పేవారు. బడి, గుడి, ఇల్లు తరచు ఒకే పాక. బాగా పనిచేసినవారిలో కొందరిని ఏరి, దోర్నకల్ వేదాంత పాఠశాలకు పిలిచి, గురుపట్టం ఇచ్చేవారు. ఇంగ్లీషు రాకున్నా, కాలేజీ చదువు లేకున్నా పల్లె గురువుకు అడ్డు కాదన్నది అజరయ్య పట్టిన విధానం. దీన్ని విమర్శించినవారు ఉన్నారు. నా దృష్టిలో ఆ డయాసిస్ అంత త్వరగా పెరగడానికి ఇదే ముఖ్య కారణం. 1912లో కొన్ని వేలుగా ఉన్న సభ్యుల సంఖ్య ఆయన చివరి రోజులకు రెండు లక్షలు దాటింది. పట్టణంలో చదివిన గురువులకోసం కాచుకొని కూర్చుంటే ఇంతమందికి చావుకు, పెళ్ళికి వెళ్ళేవాడు దొరికేవాడు కాదు.

ఆంగ్లికన్ గురువు పెళ్ళి చేసుకోవచ్చు. దోర్నకల్‌లో భర్తతో పాటు భార్యకూ శిక్షణ ఇచ్చేవారు. ఆమె అమ్మగారు. గూడెంలో స్త్రీల పురుళ్ళు, పిల్లల జబ్బులు, అత్తాకోడళ్ళ గొడవలు ఆమె దగ్గరికే వచ్చేవి. జీతం ఆయనకు, పని ఇద్దరికీ. కతోలిక ఫాదరుగారి పక్కన ఇలాంటి స్థానం లేదు. ఈ తేడా ఊళ్ళోవారికి సిద్ధాంతాల తేడా కంటే ముందే కనిపిస్తుంది.

గురువు చేతికింద ఒక ఊరు కాదు, పది ఇరవై ఊళ్ళుండేవి. దానికి పాస్టరేటు అని పేరు. ఈ మాట ఇప్పుడు తెలుగు మాటే. కాలినడకన, ఎడ్లబండి మీద, తర్వాత సైకిలు మీద తిరగాలి. జనం పగలు పొలంలో ఉంటారు గనుక ఆయన పనికి వేళ చీకటి పడ్డాక. అన్నం తిని, దీపం పెట్టుకొని, చాపల మీద కూర్చున్నాక ఆరాధన మొదలయ్యేది. అజరయ్య తన గురువులకు నాలుగు దయ్యాల మీద పోరాడమని చెప్పేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. పరలోకం సంగతి ఈ నాలుగింటిలో లేకపోవడం చదువరులు గమనించాలి. అప్పు అన్న ఒక్క దయ్యమే చాలు, పల్లె గురువు బతుకంతా హరించడానికి. షావుకారు దగ్గర పెళ్ళికి చేసిన అప్పు కూలీ కుటుంబాన్ని ఒక తరం కట్టిపడేసేది.

అంత పేదవారి దగ్గర కానుక అడగడం న్యాయమా? ఈ ప్రశ్నకు అజరయ్య జవాబు గట్టిది. ఇచ్చే హక్కు లేనివాడికి గౌరవం లేదు అన్నది ఆయన వాదన. క్రైస్తవ దానధర్మం మీద పుస్తకమే రాశాడు. వంట చేసేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. వారానికొకసారి అది చర్చికి వస్తుంది. కోత పండుగనాడు వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకలు తెచ్చి పెడతారు, తర్వాత వేలంపాట. తాను తెచ్చిన కోడిని తానే ఎక్కువ ధరకు పాడుకొని ఇంటికి తీసుకుపోయేవారూ ఉంటారు. విదేశీ సొమ్ము కూడ వచ్చింది. 1930లలో అమెరికా ఎపిస్కోపల్ చర్చి దోర్నకల్‌కు సాయపడింది. కాని పల్లె గురువు జీతంలో కొంత అయినా ఆ పిడికెడు బియ్యం నుంచి రావాలన్న పట్టు వదల్లేదు.

ఇప్పుడు అయ్యగారు అన్న మాట దగ్గరికి వద్దాం. దీని మూలం గురించి పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. ఆర్య నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందని కొందరు, తండ్రి అన్న అర్థంలో ద్రావిడ ధాతువని కొందరు. ఆ తగవు ఇక్కడ అవసరం లేదు. పల్లెలో దీని వాడుక ముఖ్యం. మాల మాదిగ గూడెంలోని మనిషి భూస్వామిని, కరణాన్ని, పురోహితుణ్ణి అయ్యగారూ అని పిలవాలి. వారు అతణ్ణి ఒరే అంటారు, అతడి భార్యను ఒసే అంటారు. అయ్యగారు అన్నది పైకి మాత్రమే ప్రయాణం చేసే మాట. గూడెంలోనే పుట్టి, గూడెంలోనే పెరిగిన మనిషికి తెల్లని నిలువుటంగీ తొడిగి గురుపట్టం ఇచ్చినప్పుడు, అదే గూడెం ఆయన్ని అయ్యగారూ అని పిలిచింది. మాట మారలేదు, అర్థం మారలేదు; అది ఎవరిమీద వాలవచ్చు అన్న నియమం మారింది. భాషాశాస్త్రంలో దీన్ని చిన్న మార్పు అంటారేమో. ఆ గూడెంలో నిలబడి చూస్తే అది చిన్నది కాదు. ఊళ్ళోని పెద్ద కులాలవారు ఆయన్ని ఏమని పిలవాలో తేల్చుకోలేక, చాలాచోట్ల పాస్టరు అన్న ఇంగ్లీషు మాట వెనక దాక్కొన్నారు. పరభాషా పదానికి ఇలాంటి ఉపయోగం ఒకటి ఉంది: మర్యాద ఇచ్చినట్టూ ఉంటుంది, ఇవ్వనట్టూ ఉంటుంది.

తిరునెల్వేలిలో ప్రొటెస్టంటు గురువును ఐయర్ అనడం పాత అలవాటు. తిరుక్కురళ్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన జి. యు. పోప్ తమిళులకు పోప్ ఐయర్. కాబట్టి తండ్రిని ఐయర్ అని పిలవడం విన్న చెవులతోనే అజరయ్య దోర్నకల్ వచ్చాడు. ఆయన పేరు కూడ తెలుగు నోట్లో ఒక వింతకు లోనైంది. హీబ్రూ పేరు, తెలుగు బైబిలులో అది అజర్యా. జనం దాన్ని అజరయ్య చేశారు. రామయ్య, వెంకయ్య, అజరయ్య. పరాయి పేరు అయ్యతో ముగిసేసరికి మనవాడైపోయాడు.

అంతా సవ్యంగా సాగిందనుకోరాదు. మాలలు, మాదిగల మధ్య భేదం చర్చి గడప దగ్గర ఆగిపోలేదు. ఒకరి సంఘానికి మరొకరు గురువుగా వస్తే ఒప్పుకోని సందర్భాలు బిషప్పును చాలా వేధించాయి. 1930లలో ఇతర కులాలవారు కూడ కొంతమేరకు చేరడంతో ఈ చిక్కు ఇంకా ముదిరింది. బయటి నుంచి వచ్చిన సవాలు గాంధీగారిది. అంబేడ్కర్ 1935లో హిందువుగా చావనని ప్రకటించాక, 1936, 1937ల్లో అస్పృశ్యుల మతమార్పిడి మీద గాంధీగారు హరిజన్ పత్రికలో తీవ్రంగా రాశారు. పేదవాడి నిస్సహాయతను వాడుకొంటున్నారన్నది ఆయన ఆరోపణ. అజరయ్య అందుకు ఒప్పుకోలేదు. తన మతాన్ని తాను ఎంచుకొనే తెలివి వారికి లేదనడమే వారిని తక్కువ చేయడం అన్నాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న విషయంలో మాత్రం ఆయన గాంధీగారి వైపే. ఈ రెండోది చాలామందికి గుర్తుండదు.

దోర్నకల్ కతీడ్రల్‌కు 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ జరిగింది. పనికి చాలా ఏళ్ళు పట్టింది. గుమ్మటాలు, మీనార్లు మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు గుడి మండపాన్ని తలపిస్తాయి, పైన శిలువ. నిజాం రాజ్యంలో, తెలుగు పల్లెల నడుమ, తమిళ బిషప్పు కట్టించిన కట్టడం వేరేలా ఉంటుందని అనుకోలేం. ఆయన 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే చనిపోయాడు, కతీడ్రల్ ఆవరణలోనే సమాధి. చర్చిల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో మొదలుపెట్టిన ప్రయత్నం ఫలించి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడేనాటికి ఆయన లేడు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అప్పుడు అందులో చేరలేదు. చాలా ఏళ్ళు విడిగానే ఉన్నారు. అదే నంద్యాలలో 2013లో ఇ. పుష్పలలిత ఆ సంఘానికి తొలి మహిళా బిషప్పు కావడం విశేషం. 1976లో స్త్రీలకు గురుపట్టం ఇవ్వడం మొదలయ్యాక తెలుగుకు ఒక సమస్య వచ్చింది. గురువు స్త్రీ అయితే అమ్మగారు అన్న మాట భార్యా స్థానం విడిచి గురుస్థానానికి మారాలి. మరి ఆమె భర్తను ఏమనాలి? అయ్యగారు అంటే ఆయన చేయని పని ఆయనకు అంటగట్టినట్టవుతుంది.

గురువు బీరువాలో ఉండే బాప్తిస్మాల రిజిస్టరు గురించి చెప్పకపోతే ఈ వ్యాసం కుంటుపడుతుంది. పెంటయ్య, పుల్లమ్మలు అందులో దేవదానం, కరుణమ్మలుగా మారారు. పేర్ల చరిత్ర రాసేవారికి అది గని. కాని 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారిని వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపుగా లెక్కించారు. దాంతో ఎన్నో కుటుంబాల్లో పిల్లవాడికి బడి పేరు ఒకటి, గుడి పేరు ఒకటి అయ్యాయి. అయ్యగారు ఆదివారం దావీదు అని పిలిచే కుర్రవాడు సోమవారం హాజరు పట్టీలో మరొకడు. గూడెంలో అందరికీ తెలిసిన ఈ సంగతి గురువు నోట రాకూడదు. రిజిస్టరు ఎవరికి చూపాలి, ఎవరికి చూపకూడదు అన్నది చిన్న ఊరి గురువుకు వేదాంత పాఠశాలలో చెప్పని పాఠం. ఒక పిల్లవాడి కాలేజీ సీటు, ఉద్యోగం ఆ బీరువా తాళం మీద ఆధారపడి ఉండేవి.

మన సరిహద్దులు దాటిన తెలుగు సంఘాలకు వస్తే గురువు పని ఇంకో రకం. చెన్నైలో, కోలారు గనుల ప్రాంతంలో తెలుగులో ఆరాధన జరిపే సంఘాలున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, బడిలో ఇంగ్లీషు అయినచోట, గ్రాంథిక తెలుగు వాక్యాలను పెద్ద గొంతుతో కలిసి పలికే స్థలం చాలామందికి ఆ ఒక్క చర్చే. అక్కడికి వచ్చే గురువుకు తెలుగు చదవడం, రాయడం బాగా వస్తే సంఘంలో తెలుగు నిలుస్తుంది. రాకపోతే ఒకటి రెండు బదిలీల్లో ఆరాధన భాష మారిపోతుంది. ఆ మార్పుకు ఒక వరుస ఉంటుంది. మొదట ప్రకటనలు మారతాయి, తర్వాత ప్రసంగం, ఆ తర్వాత ప్రార్థనా పుస్తకం. కీర్తనలు అన్నిటికన్నా చివర. తెలుగు లిపి రాని పిల్లలు వాటిని తమిళ లిపిలో రాసుకొని పాడుతారు. తమిళ లిపిలో క, గ, ఖ, ఘలకు ఒకటే అక్షరం గనుక కాగితం మీద గురువు, కురువు ఒకటే. ఏది పలకాలో పక్కన నిలబడ్డ అవ్వ నోరు చూసి తెలుసుకొంటారు.